ఆల్బర్గ్ 30, కాటలీనా 30: చీసపీక్ అఖాతంలో తిరగడానికి ఏ పడవ?

మేరీల్యాండ్_మాధవ్

అందరికీ నమస్కారం. మేము అమెరికాలో చీసపీక్ అఖాతం ఒడ్డునున్న అనాపొలిస్‌కు దగ్గరలో ఉంటాం. ఇన్నాళ్లూ క్లబ్బు పడవల మీద తెరచాప విద్య నేర్చుకున్నాం. ఇక సొంత పడవ కొనాలని నిశ్చయించుకున్నాం. శుక్రవారం సాయంత్రం బయలుదేరి, ఏదో ఒక వాగు మొగలో లంగరు వేసి, రెండు రాత్రులు పడవలోనే పడుకుని ఆదివారం ఇంటికి చేరాలి. నేను, నా భార్య సునంద, పదకొండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు. పిల్లలు కాస్త పెద్దయ్యాక బహామాస్ దాకా వెళ్లాలన్న కోరిక నాకు బలంగా ఉంది.

రెండు పాత పడవలు చూశాం, ధరలో పెద్ద తేడా లేదు. ఒకటి ఆల్బర్గ్ 30: మొత్తం పొడవు 30 అడుగుల 3 అంగుళాలు, నీటిగీత దగ్గర 21 అడుగుల 8 అంగుళాలే. వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు, నీటిలో మునిగే లోతు 4 అడుగుల 3 అంగుళాలు. బరువు 9,000 పౌండ్లు, అందులో కీల్ (పడవ బోల్తా పడకుండా అడుగున ఉండే బరువైన భాగం) బరువు 3,300.

రెండోది కాటలీనా 30: పొడవు 29 అడుగుల 11 అంగుళాలు, నీటిగీత దగ్గర 25 అడుగులు. వెడల్పు 10 అడుగుల 10 అంగుళాలు, మునిగే లోతు 5 అడుగుల 3 అంగుళాలు. బరువు 10,200 పౌండ్లు, కీల్ 4,200.

రెండూ 30 అడుగుల పడవలే. పక్కపక్కన చూస్తే మాత్రం ఒక్క పోలిక కూడా కనబడదు. ఏ లక్షణానికి ఎంత విలువ ఇవ్వాలో పెద్దలు చెప్పాలి.

లంగరుతాడు

మాధవ్ గారూ, ఆల్బర్గ్ తీసుకోండి. కార్ల్ ఆల్బర్గ్ గీసిన ఈ పడవను కెనడాలోని ఆంటారియోలో 1962 నుంచి కట్టారు. ఫైబర్‌గ్లాస్ ఇంకా కొత్త పదార్థం కాబట్టి ఆ రోజుల్లో దాన్ని మందంగా వేసేవారు. మీ అఖాతంలో ఈ పడవలు ఇప్పటికీ జట్టుగా పందేలు ఆడుతున్నాయంటే వాటి గట్టిదనం అర్థమవుతుంది.

దాని కీల్ చూడండి. ముందు భాగం నుంచి చుక్కాని దాకా ఒకే ఒడలుగా సాగుతుంది. అడుగు బరువు ఫైబర్‌గ్లాస్ లోపలే ఉంటుంది కనుక కీల్ బోల్టులు, వాటికి తుప్పు అన్న బెంగే లేదు. చుక్కాని కీల్ వెనక అంచుకే అతుక్కుని ఉంటుంది. ప్రొపెల్లర్ ఆ రెండింటి మధ్య ఖాళీలో దాగి ఉంటుంది.

చీసపీక్‌లో దీనివల్ల ఎంత మేలో అక్కడ తిరిగేవారికి తెలుసు. పీతల బుట్టలకు కట్టిన తేలుడు బంతులు నీళ్ల మీద ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఆల్బర్గ్ ఆ తాళ్ల మీదుగా జారిపోతుంది. కాటలీనా కీల్ విడిగా రెక్కలా దిగుతుంది, చుక్కాని దానికి దూరంగా ఒంటరిగా వేలాడుతుంది. తాడు కీల్ దాటిందంటే తర్వాత ప్రొపెల్లర్‌కో చుక్కానికో చుట్టుకుంటుంది. చీకటి పడే వేళ, పిల్లలు పడవలో ఉండగా, నీళ్లలోకి దిగి తాడు కోయాల్సి వస్తుంది. ఆలోచించండి.

నావాశిల్పి_విశాఖ

నేను నౌకా నిర్మాణం చదువుకున్నవాణ్ణి. ముందు అంకెలు చూద్దాం, తర్వాత అవి చెప్పలేనివి చూద్దాం.

పడవ సాధారణ గరిష్ఠ వేగం నీటిగీత పొడవు మీద ఆధారపడుతుంది. ఆ పొడవును అడుగుల్లో తీసుకుని, వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లలో) వస్తుంది. ఆల్బర్గ్‌కు 6.2, కాటలీనాకు 6.7. అయితే ఆల్బర్గ్ ముందూ వెనకా నీటి పైకి సాగి ఉంటుంది. పడవ ఒరిగినప్పుడు ఆ భాగాలు కూడా నీటిని తాకి నీటిగీత పొడవవుతుంది. నాటి అమెరికా పందెపు నియమాలు నిలబడి ఉన్న పడవ నీటిగీతను కొలిచేవి. అందుకే ఆ కాలపు శిల్పులు ఈ ఆకారాన్ని ఇష్టపడ్డారు. చూడముచ్చటైన ఆ వంపుల వెనక నియమాల పుస్తకం కూడా ఉంది.

తెరచాప వైశాల్యాన్ని బరువుతో పోల్చే నిష్పత్తి మరొకటి. ఆల్బర్గ్‌కు 410 చదరపు అడుగులు, మామూలు మాస్ట్ (తెరచాప స్తంభం) ఉన్న కాటలీనాకు 446. లెక్క వేస్తే రెండింటికీ దాదాపు 15.2 వస్తుంది. అంకె ఒకటే కదా అని జూలైలో రెండూ ఒకేలా నడుస్తాయనుకోకండి. చిరుగాలిలో పడవను పట్టి ఆపేది నీటికి తగిలే ఉపరితలం. పొడవాటి కీల్‌కు అది చాలా ఎక్కువ. చీసపీక్ వేసవి గాలి ఎంత నీరసంగా ఉంటుందో మీకు తెలుసు. ఆల్బర్గ్ కొంటే ఇంజను ఎక్కువ సేపు నడపాలి, లేదా ముందు వైపు పెద్ద పల్చటి తెరచాప ఒకటి కొనాలి.

ఇక బోల్తా సూచిక. 1979 ఫాస్ట్‌నెట్ పందెంలో తుఫాను విరుచుకుపడి 15 మంది నావికులు మరణించాక ఈ సూత్రం వాడుకలోకి వచ్చింది. బరువును 64తో భాగించి, ఘనమూలం తీసి, దానితో వెడల్పును భాగించాలి. 2 కంటే తక్కువ రావాలంటారు. ఆల్బర్గ్‌కు 1.68. కాటలీనాకు 2.0, అంటే సరిగ్గా గీత మీద.

కానీ ఈ సూత్రానికి బరువు ఎక్కడుందో తెలియదు. కీల్ అడుగున ఉన్న సీసాన్ని మాస్ట్ కొనకు ఎక్కించినా అదే అంకె ఇస్తుంది! కాబట్టి దీన్ని హెచ్చరికగా తీసుకోండి, తీర్పుగా తీసుకోకండి.

పోర్ట్‌ఫిలిప్_శారద

మెల్బోర్న్ నుంచి. మా పోర్ట్ ఫిలిప్ అఖాతం కూడా లోతు తక్కువదే. గాలి లేచిందంటే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి కొడతాయి. చీసపీక్ సగటు లోతు 21 అడుగులే కాబట్టి మీకూ అదే అనుభవం. అందుకని ఒరిగే తీరు గురించి చెబుతాను, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే.

ఆల్బర్గ్ లాంటి సన్నటి పడవ కాస్త గాలికే ఒరుగుతుంది. కొత్తవారు హడలిపోతారు. ఒక కోణం దాకా ఒరిగాక ఇక కదలదు, అక్కడే భుజం ఆనించి సాగిపోతుంది. కాటలీనా లాంటి వెడల్పాటి పడవ మొదట్లో నిటారుగానే ఉంటుంది. అందరూ హాయిగా కూర్చుంటారు. ఆ హాయిలో తెరచాప తగ్గించడం ఆలస్యం చేస్తే, ఒక్కసారి బలంగా గాలి తోసినప్పుడు ఎక్కువగా ఒరిగి, చుక్కాని నీటిలో పట్టు కోల్పోయి, పడవ తనంతట తాను గాలికి ఎదురు తిరుగుతుంది. ఇందులో మంచి చెడ్డ అని లేదు. ఆల్బర్గ్ ముందే హెచ్చరిస్తుంది. కాటలీనాలో గాలిని మీరే కనిపెట్టి ఉండాలి.

పిల్లల సంగతి కూడా. ఆల్బర్గ్‌లో గాలికి ఎదురు వెళ్లేటప్పుడు భోజనం వండటం, పిల్లలను కింద పడుకోబెట్టడం అన్నీ ఏటవాలు గదిలో జరగాలి. అలల మీద అది మెత్తగా నడుస్తుంది, కాటలీనా ముందు భాగం దబదబా కొడుతుంది, నిజమే. కానీ మీ ప్రయాణాలు పూటలో ముగిసేవి.

సునంద_మే

నేను మాధవ్ భార్యను. ఈ చర్చంతా చదివాను, నావీ నాలుగు మాటలు.

పడవను ఒడ్డుకు చేర్చేటప్పుడు ముందు కొసన కొక్కెం కర్ర పట్టుకుని నిలబడేది నేను. మా మెరీనాలో (పడవలు కట్టే రేవులో) రెండు వరుసల కొయ్యల మధ్య ఇరుకు చోటు. ఆల్బర్గ్ యజమానే స్వయంగా చెప్పారు, వెనక్కి నడిపితే అది ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేమని. పక్కగాలి ఉన్న రోజున 9,000 పౌండ్ల బరువును నేను చేత్తో ఆపాలా? పొడవాటి కీల్ గొప్పదనం గురించి రాసినవారు ఈ మాట ఎందుకు రాయలేదు?

ఇంకొకటి, ఆగస్టు రాత్రి. గాలి ఉండదు, ఉక్క, దోమలు. మంటపుట్టించే జెల్లీ చేపల వల్ల నీళ్లలోకి దూకి చల్లబడే వీలు కూడా లేదు. నలుగురు పడుకునే చోట గాలి ఆడాలి. ముందు గది పైతలుపు ఎంత పెద్దది, పక్క కిటికీల్లో ఎన్ని తెరుచుకుంటాయి, దోమతెరలు బిగించే వీలుందా, కాక్‌పిట్ (పడవ నడిపేవారు కూర్చునే పల్లపు చోటు) మీద గుడ్డ పందిరి కట్టవచ్చా అని చూశాను. మరుగుదొడ్డికి గట్టి తలుపుందా అని కూడా. మా పాపకు పన్నెండేళ్లు రాబోతున్నాయి. ఈ చిన్న విషయాలు కుదరకపోతే రెండో వేసవికి పిల్లలు పడవ ఎక్కరు. అప్పుడు బోల్తా సూచిక 1.68 ఉండి ఏం లాభం?

లంగరుతాడు

సునంద గారూ, వెనక్కి నడపడం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. నేను రాయాల్సింది. ఆల్బర్గ్ యజమానులు వెనక కొయ్య మీదుగా ఒక తాడు వేసి, దాని ఆధారంగా పడవను తిప్పుకుంటారు. సాధనతో వస్తుంది, పక్కగాలిలో మాత్రం కష్టమే.

కానీ బహామాస్ మాటో? దారిలో దాటాల్సిన గల్ఫ్ ప్రవాహం అనే సముద్ర ప్రవాహం ఉత్తరానికి పరుగెడుతుంటే ఉత్తరపు గాలి ఎదురైతే అక్కడ లేచే అలలు వేరు. మన దేశానికి సంబంధించిన ఉదాహరణే చెబుతాను. 1968-69లో మొట్టమొదటిసారి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి వచ్చిన సుహైలి పడవ బొంబాయిలో టేకుతో కట్టింది. పొడవు 32 అడుగులే. బరువైనది, పొడవాటి కీల్ ఉన్నది, వెనక కూడా మొనదేలిన ఆకారం. దాన్ని నడిపిన రాబిన్ నాక్స్-జాన్స్టన్‌ను అది క్షేమంగా ఇంటికి చేర్చింది.

నావాశిల్పి_విశాఖ

ఆ కథకు రెండో సగం కూడా చెప్పాలి. సుహైలి నమూనాలో గోవాలో కట్టిన తురియా పడవలో భారత నావికుడు అభిలాష్ టామీ, ఒంటరిగా భూమిని చుట్టి వచ్చే 2018 గోల్డెన్ గ్లోబ్ పందెంలో దిగారు. సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు పడవ బోల్తా కొట్టి మాస్టులు విరిగాయి, ఆయన వెన్నెముకకు తీవ్రమైన గాయమైంది. అదే ఆకారం, అదే పొడవాటి కీల్. పక్క నుంచి విరిగిపడే పెద్ద అల వస్తే 32 అడుగుల పడవను ఏ కీల్ ఆకారమూ పూర్తిగా కాపాడలేదు. ఆయన తర్వాతి పందెంలో రస్లర్ 36 మీద వెళ్లి 2023లో రెండో స్థానంలో ముగించారు. అదీ పొడవాటి కీల్ పడవే, కాబట్టి ఆ ఆకారాన్ని తక్కువ చేయడం లేదు. మహాసముద్రానికి మంచిదే. కానీ మాధవ్ గారు బయలుదేరేది దక్షిణ సముద్రానికి కాదు, బడి సెలవుల్లో వాగు మొగకు.

నా సలహా ఇది. పడవలో డబ్బు పెట్టి మార్చగలిగేవి ఉన్నాయి, ఎంత డబ్బు పెట్టినా మారనివి ఉన్నాయి. తెరచాపలు, తాళ్లు, ఇంజను, పరుపులు, లంగరు, కిటికీలు కూడా మార్చవచ్చు. వెడల్పు, కీల్, చుక్కాని చోటు, కేబిన్ ద్వారం ఉన్న తీరు, కాక్‌పిట్ పరిమాణం మారవు. వీటిని మాత్రం రాబోయే అయిదారేళ్లు మీరు నిజంగా తిరిగే నీళ్లకు సరిపోల్చి నిర్ణయించుకోండి. బహామాస్‌కు వెళ్లే నాటికి అవసరమైతే పడవే మార్చవచ్చు. మంచి వాతావరణం కోసం ఓపిగ్గా కాచుకునేవారు ఇంతకంటే తేలిక పడవల్లో కూడా ఆ ప్రవాహం దాటుతున్నారు.

హుస్సేన్‌సాగర్_గాలి

చిన్న ప్రశ్న. చుక్కానికి టిల్లరా (చుక్కాని తిప్పే కర్ర), చక్రమా? నేను హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ మీద చిన్న పడవలు నడిపేవాణ్ణి. టిల్లర్ చేతిలో ఉంటే నీటి ఒత్తిడి వేళ్లకు తెలుస్తుంది. పిల్లలు నేర్చుకోవడానికి అంతకంటే మంచి గురువు లేదు. తెరచాప ఎక్కువైందన్న సంగతి టిల్లర్ లాగుడే చెబుతుంది.

పోర్ట్‌ఫిలిప్_శారద

నిజమే, కానీ ఆల్బర్గ్ టిల్లర్ గాలి పెరిగితే బాగా బరువెక్కుతుంది. పెద్ద తెరచాపను ముందుగా కుదిస్తే సర్దుకుంటుంది. ఎనిమిదేళ్ల బాబు చేతికి మాత్రం మంచి గాలిలో ఇవ్వలేరు.

కాక్‌పిట్ మాట వచ్చింది కాబట్టి, మాధవ్ గారూ, రెండు పడవల్లోనూ ఇవి చూడండి. కాక్‌పిట్ నిండా నీళ్లు నిండితే ఎంత సేపట్లో ఖాళీ అవుతుంది? నీరు పోయే గొట్టాలు మీ బొటనవేలంతే ఉంటే ఎంత పెద్ద కాక్‌పిట్ అయితే అంత ప్రమాదం. కేబిన్ ద్వారం గడప కాక్‌పిట్ అడుగుకు ఎంత ఎత్తులో ఉంది? గడప తక్కువైతే నీరు నేరుగా మంచాల మీదికి వస్తుంది. అలాంటప్పుడు కింది తలుపు పలక బిగించే ఉంచి నడపాలి, అది ఊడిపోకుండా గొళ్లెం ఉండాలి. ముందుకు నడిచి వెళ్లే పక్కదారి ఎంత వెడల్పు? కాటలీనా పెద్ద గది కోసం కొంత చోటు అక్కడి నుంచే తీసుకుంది. పట్టుకోవడానికి కడ్డీలు చేతికి అందుతున్నాయా? పాపను ఒకసారి ముందు కొస దాకా నడిపించి చూడండి.

బాల్టిమోర్_పనివాడు

పాత పడవలు బాగుచేయడం నా వృత్తి. ఆకారం గురించి ఇంత చర్చ జరిగింది, పాతదనం గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండిటిలో ఏది కొన్నా మీ డబ్బు తినేది డెక్ లోపలి నీరు.

డెక్ అంటే పైనా కిందా ఫైబర్‌గ్లాస్, నడుమ చెక్క. బోల్టు పక్క నుంచి నీరు దిగి ఆ చెక్క కుళ్లితే డెక్ బిస్కెట్టులా మెత్తబడుతుంది. ప్లాస్టిక్ సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట టక్కుమంటుంది, కుళ్లిన చోట బోలుగా పలుకుతుంది. మాస్ట్ చుట్టూ, కడ్డీల మొదళ్ల దగ్గర, మాస్ట్‌ను పట్టి ఉంచే ఉక్కు తీగల పలకలు డెక్‌ను చీల్చుకుని దిగే చోట మరీ జాగ్రత్తగా తట్టాలి. ఆ పలకలు లోపల బిగించిన చెక్క గోడ నల్లబడి ఉంటే వదలొద్దు. తెరచాప మోసే భారమంతా అక్కడే దిగుతుంది.

ఆల్బర్గ్‌లో మాస్ట్ డెక్ మీదే నిలబడుతుంది, కింద ఒక అడ్డదూలం మోస్తుంది. పాతవాటిలో ఆ దూలం కుంగడం అందరికీ తెలిసిన లోపం. దాని కింద ఉన్న తలుపు ఇబ్బంది లేకుండా మూసుకుంటుందా చూడండి. తలుపు పట్టేస్తుంటే, లేదా ఎవరో పై అంచు చెక్కి ఉంటే, దూలం దిగినట్టే. కాటలీనాలో కీల్, ఒడలు కలిసే చోట ముందు వైపు చిరునవ్వులా పగులు వస్తుంది. పాతవాటిలో ఆ కీల్ మొదట్లో చెక్క పలకలు పెట్టారు, అవి తడిస్తే బోల్టుల బిగువు పోతుంది.

ఇంజను ఏమిటో రాయలేదు. ఆ కాలపు పడవల్లో అటామిక్ 4 అనే పెట్రోలు ఇంజను ఎక్కువ. మంచి ఇంజనే. కానీ పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, అడుగున పేరుకుంటుంది. పిల్లలున్న పడవలో దాన్ని తోడే ఫ్యాను నడపకుండా తాళం తిప్పకూడదు. డీజిల్ ఉన్న పడవకు కొంత ఎక్కువ ధర పెట్టినా తప్పులేదు.

మేరీల్యాండ్_మాధవ్

అందరికీ కృతజ్ఞతలు. నిన్న నలుగురం వెళ్లి రెండు పడవల్లోనూ మధ్యాహ్నం ఎండలో కూర్చున్నాం. ప్రతి మంచం మీదా పడుకుని చూశాం. ఆల్బర్గ్‌లో పెట్రోలు ఇంజను, కాటలీనాలో డీజిల్. ఆల్బర్గ్ అందం మీద నాకు మనసుంది, దాచను. కానీ పిల్లలు కాటలీనా నుంచి దిగడానికి ఒప్పుకోలేదు. సునంద వెనక్కి నడిపి చూసి రెండు కొయ్యల మధ్యకు తనే చేర్చింది. 5 అడుగుల 3 అంగుళాల లోతు ఒక్కటే నన్ను ఆపుతోంది. మునిగే లోతు 3 అడుగుల 10 అంగుళాలే ఉండే రెక్కల కీల్ (అడుగున రెండు పక్కలా రెక్కలున్న కీల్) రకం కోసం ఆగమంటారా?

నావాశిల్పి_విశాఖ

దాని కోసమని ఆగకండి. అఖాతంలో అడుగు ఎక్కువగా బురదే. మామూలు కీల్ బురదలో దిగబడితే పడవను ఒక పక్కకు ఒరగనిచ్చి, లోతు తగ్గించుకుని బయటపడవచ్చు. రెక్కల కీల్ ఒరిగితే ఒక రెక్క ఇంకా కిందికి దిగి బురదను పట్టుకుంటుంది. కొన్ని వాగుల్లో మరీ లోపలికి వెళ్లలేరు, మొగ దగ్గరే ఆగుతారు. అక్కడే గాలి బాగా ఆడుతుంది, దోమలూ తక్కువ.

లంగరుతాడు

నా అభిప్రాయం మారలేదు, ఆ ఆల్బర్గ్ మంచి చేతుల్లో పడాలని కోరుకుంటున్నాను. అయినా ఇంటిల్లిపాదీ ఇష్టపడి ఎక్కే పడవను వద్దని నేను చెప్పను. పీతల తాళ్ల కోసం ఒక రంపపు పళ్ల కత్తి కాక్‌పిట్‌లో చేతికందే చోట కట్టి ఉంచండి. రాత్రి ఇంజనుతో నడపాల్సి వస్తే గుర్తులు వేసిన నౌకా మార్గం వదలకండి.

మేరీల్యాండ్_మాధవ్

కాటలీనాకు ధర చెప్పాం, సర్వే (నిపుణుడి తనిఖీ) బాగుంటేనే అన్న షరతు మీద. వచ్చే వారం పడవను నీళ్ల నుంచి పైకెత్తుతారు. ఆ సమయంలో నేను అక్కడ ఉండి ప్రత్యేకంగా చూడాల్సినది ఏమిటి?

బాల్టిమోర్_పనివాడు

పడవ పట్టీల మీద గాలిలో వేలాడుతున్నప్పుడు కీల్ అతుకు ముందు భాగాన్ని ఫోటో తీయండి. తర్వాత దిమ్మల మీద దించి, బరువంతా కీల్ మీద పడ్డాక అదే చోటు నుంచి మళ్లీ తీయండి. వేలాడేటప్పుడు తెరుచుకున్న పగులు దించాక మూసుకుంటే, పైన ఉన్న రంగు పగలడం కాదు, అతుకే కదులుతోంది. అప్పుడు లోపల బోల్టులు బిగించి చూసే దాకా సంతకం పెట్టొద్దు. చుక్కానిని రెండు చేతులతో పట్టుకుని పక్కలకు కదిపి వదులు ఎంతుందో చూడండి. దాని అడుగు అంచు నుంచి నీరు కారుతోందేమో కూడా. ఫోటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.